కుక్కలలో కీళ్ళవాపు: కారణములు తెలిసికొనుట ఎట్లు?

మన పల్లెలలో ఎద్దులు ఎన్ని, గేదెలు ఎన్ని, గొఱ్ఱెలు ఎన్ని అని అడిగిన రైతు వెంటనే లెక్క చెప్పును. కుక్క సంగతి ఎవరును అడుగరు. అయినను రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస ప్రాంతములలో మొక్కజొన్న కంకులు పాలు పట్టు రోజులలో అడవిపంది అలికిడికి ముందు మొరిగి రైతును లేపునది కుక్కయే. చేలలో గొఱ్ఱెల మంద కట్టిన రాత్రి మంద చుట్టును తిరుగునది కుక్కయే. కళ్ళములో ధాన్యపు రాశి వద్ద పడుకొనునదియు అదియే. కృష్ణా, గోదావరి డెల్టాలలో, కొల్లేటి చుట్టుప్రక్కల బాతుల మందలను అదుపులో ఉంచుటకు జోనంగి అను కుక్కజాతిని తరతరములుగా పెంచిరి. కుక్క పని అంతయు నాలుగు కాళ్ళమీద ఆధారపడి ఉన్నది. కాలు పోయిన కుక్క పనికి పోయినట్లే.

కుక్క కుంటుట మొదలుపెట్టినప్పుడు మనము సాధారణముగా రెండు మాటలలో ఏదో ఒకటి అందుము. ఒకటి “ముసలిదైపోయినది” అనుట, రెండవది “వాతము పట్టినది” అనుట. ఈ రెండు మాటలును రైతును తప్పుదారి పట్టించును. ముసలితనము అనుకొన్నవారు ఏమియు చేయక ఊరకుందురు. వాతము అనుకొన్నవారు తమ కీళ్ళనొప్పులకు కొన్న మాత్రను కుక్క నోటిలో వేయుదురు. మొదటి దానివలన నయము కావలసిన జబ్బు ముదిరిపోవును. రెండవ దానివలన కుక్క ప్రాణమే పోవచ్చును.

కీళ్ళవాపు అనునది ఒక్క జబ్బు కాదు. అనేక కారణముల వలన కీలులో కలుగు ఒకే విధమైన బాధకు అది పేరు. కారణము వేరైనప్పుడు చికిత్స కూడ వేరగును. ఆ కారణములలో చాలభాగము యజమాని చేతిలో ఉన్నవే. అందుచేత కుక్కను పెంచు ప్రతి రైతును వీనిని తెలిసికొని యుండవలెను.

కీలు పనిచేయు విధము

రెండు ఎముకలు కలియు చోటును కీలు అందుము. బండి ఇరుసు చక్రములో తిరుగుటకు కందెన ఎట్లు అవసరమో, ఎముకపై ఎముక కదలుటకు నునుపైన పొర, జిగట ద్రవము అట్లే అవసరము. ఎముకల చివరలను కప్పియుండు తెల్లని మెత్తని పొరను మృదులాస్థి అందురు. కీలు చుట్టును ఒక తిత్తి ఉండును. ఆ తిత్తి లోపలి పొర కీలుద్రవమును ఊరించుచుండును. కీలు అటునిటు జారిపోకుండ గట్టి త్రాళ్ళవంటి కట్టునరములు పట్టియుంచును.

ఇందులో రైతు గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. మృదులాస్థికి రక్తనాళములు లేవు. చర్మము తెగిన మానును, ఎముక విరిగిన అతుకును, కాని మృదులాస్థి అరిగిన తిరిగి మునుపటివలె పెరుగదు. అరిగిన పొర క్రింద ఎముక రాపిడి పొందును, తిత్తి వాచును, ద్రవము పలుచబడును, కీలు అంచులలో కొత్త ఎముక ముళ్ళవలె పెరుగును. వాచిన కీలు మృదులాస్థిని మరికొంత పాడుచేయును. ఇది ఒకదానినొకటి పెంచు చక్రము. అందువలన ఇందులో ఆలస్యము వలన కలుగు నష్టము తిరిగి రాని నష్టము.

కుక్క తన శరీర బరువులో సుమారు 60 వంతులు ముందుకాళ్ళమీద, 40 వంతులు వెనుకకాళ్ళమీద మోయును. పరుగెత్తించి త్రోయునవి వెనుకకాళ్ళు. కావున ముందుకాళ్ళలో మోచేయి, వెనుకకాళ్ళలో తుంటి, మోకాలు ఎక్కువగా దెబ్బతినును.

నొప్పిని గుర్తించుట

కుక్క కీలు నొప్పికి అరచుట అరుదు. అరవలేదు గనుక నొప్పి లేదనుకొనుట పొరపాటు. ఈ క్రింది గుర్తులను గమనించవలెను.

పడుకొని లేచినప్పుడు నాలుగడుగులు బిగుసుకొని నడచి, తరువాత సర్దుకొనుట. అరుగు, గట్టు ఎక్కుటకు సందేహించుట. ఒకే కీలును పదేపదే నాకుట. ఒక తొడ రెండవ తొడకంటె సన్నబడుట. ఒక కాలి గోళ్ళు మిగిలిన కాళ్ళ గోళ్ళవలె అరుగకుండుట. ఇంతకుముందు లేని కసురు, తాకనీయకుండుట.

ముందుకాలు కుంటు కుక్కలో నొప్పి కాలు ఏదో తెలిసికొనుటకు తలను చూడవలెను. నొప్పి ఉన్న కాలు నేలను తాకినప్పుడు కుక్క తలను పైకి ఎత్తును. మంచి కాలు మోపినప్పుడు తల క్రిందికి దిగును. కుక్కను త్రాడుతో పట్టి గట్టినేలపై మెల్లగా నడిపించిన ఇది స్పష్టముగా కనబడును.

కారణములు

1. పుట్టుకతో వచ్చు లోపము: కొన్ని జాతులలో తుంటి గిన్నెలో తొడ ఎముక తల సరిగా అమరదు. దీనిని తుంటికీలు వదులు జబ్బు అనవచ్చును. అమెరికాలో 1935 లో దీనిని కుక్కలలో మొదట వర్ణించిరి. 1966 లో అక్కడ ఎక్సురేలను పరీక్షించి తుంటి బాగున్న కుక్కలనే సంతానమునకు వాడుటకై ఒక సంస్థను స్థాపించిరి. అల్సేషియన్, లాబ్రడార్, రాట్‌వైలర్ వంటి పెద్దజాతులలో ఇది ఎక్కువ. పుట్టినప్పుడు పిల్ల బాగుగనే కనబడును. ఎదుగు నెలలలో వదులు కీలు ఒరసుకొనుచు, ఏడాది నిండకముందే వెనుక భాగము ఊగుచు నడచును. కుందేలువలె రెండు వెనుకకాళ్ళు కలిపి గెంతును.

పమేరియన్ వంటి చిన్నజాతులలో మోకాలిచిప్ప ప్రక్కకు జారు లోపము ఎక్కువ. కుక్క నడచుచు నడచుచు ఒక వెనుకకాలిని పైకి పట్టి, రెండు మూడు గెంతులు వేసి, మరల మామూలుగా నడచుట దీని గుర్తు.

ఇవి వంశముచే వచ్చునవి. కావున పెద్దజాతి పిల్లను తెచ్చుకొనువారు పిల్ల అందము చూచుటతో ఆగక, దాని తల్లిని, వీలైన తండ్రిని నడిపించి చూడవలెను. లోపము బయటపడిన కుక్కను ఎంత ముచ్చటైనదైనను ఈనించరాదు.

2. ఎదిగే పిల్లకు చాలని మేత: మన ఇండ్లలో కుక్కపిల్లకు పెట్టునది ఎక్కువగా గంజి, అన్నము, మిగిలిన చారు. దీనితో కడుపు నిండును గాని ఎముక కట్టదు. ఇక్కడ దూడకును కుక్కపిల్లకును ఉన్న భేదము తెలియవలెను. దూడ ఎండలో తిరిగినచో దాని చర్మములో డి విటమిను తయారగును. కుక్క చర్మములో అది చాలినంత తయారు కాదు. కుక్కకు డి విటమిను మేతలోనే అందవలెను. కావున పిల్ల పగలంతయు ఎండలో ఆడుచున్నది గదా అని ధైర్యపడుటకు వీలులేదు.

ఒట్టి అన్నము తినిన పిల్లకును, ఒట్టి మాంసము తినిన పిల్లకును సున్నము, అనగా కాల్షియము, కొరవడును. ఎముకలు మెత్తబడి కాళ్ళు దొడ్డివంకర తిరుగును, మణికట్టు గుబ్బకట్టును, చిన్న గెంతుకే ఎముక విరుగును. వంకర కాలిలో కీలుమీద బరువు ఒకవైపే పడును. ఆ కుక్క పెద్దదైనప్పుడు ఆ కీలే వాచును. ఉడికించిన గ్రుడ్డు, ఉప్పు లేకుండ ఉడికించిన చేప, కొద్దిగా కాలేయము, పాలు అరిగిన కొంచెము పాలు లేక మజ్జిగ పిల్ల మేతలో చేర్చవలెను. పెద్ద ఎముకలు ఉడికించి వేయరాదు. ఉడికిన ఎముక పెళుసుబారి చీలికలై గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును.

దీనికి ఎదురుగా మరియొక తప్పు కలదు. పెద్దజాతి పిల్లకు బజారులో దొరకు సమతుల మేత పెట్టుచు, దానిపై కాల్షియము మందు కూడ పోయుదురు. చిన్నపిల్ల శరీరము ఎక్కువైన కాల్షియమును బయటికి త్రోసివేయజాలదు. అది ఎముకల పెరుగుదలను వంకర చేయును. కాల్షియము మందు అవసరమో కాదో డాక్టరే చెప్పవలెను.

3. అధిక బరువు: రైతు కుక్కకు ఈ బాధ తక్కువ. పట్టణములో గొలుసుతో కట్టివేసి, ఇంటివారందరును తలొక ముద్ద పెట్టు కుక్కకు ఇది ఎక్కువ. క్రొవ్వు కీలుమీద బరువుగా పడుటయే గాక, వాపును పెంచు పదార్థములను తానే రక్తములోనికి విడుచును.

ఈ విషయమును తేల్చిన ప్రయోగమొకటి అమెరికాలో జరిగినది. 48 లాబ్రడార్ పిల్లలను తీసికొని జంటలుగా విడదీసిరి. జంటలో ఒకటి తినినదానికంటె రెండవదానికి నూటికి 25 వంతులు తక్కువ మేతను జీవితకాలమంతయు పెట్టిరి. 2002 లో ఫలితములను ప్రకటించిరి. తక్కువ తినిన కుక్కల ఆయువు మధ్యస్థముగా 13 సంవత్సరములు, ఎక్కువ తినినవాని ఆయువు 11.2 సంవత్సరములు. కీళ్ళ అరుగుదలకు చికిత్స అవసరమైన వయస్సు కూడ తక్కువ తినినవానిలో సుమారు 3 సంవత్సరములు ఆలస్యముగా వచ్చినది. అవన్నియు ఒకే జాతివి, ఒకే ఇంటివారి పెంపకములోనివి. భేదమంతయు గిన్నెలోనే ఉన్నది.

మీ కుక్క బరువు సరిగా ఉన్నదా లేదా చూచుటకు తూకము అవసరము లేదు. ప్రక్కలపై అరచేతిని మెల్లగా రాయవలెను. ప్రక్కటెముకలు చేతికి తగులవలెను గాని కంటికి కొట్టొచ్చినట్లు కనబడరాదు. పైనుండి చూచిన నడుము సన్నబడి యుండవలెను.

4. దెబ్బలు, బెణుకులు: రాజాం నుండి పాలకొండ, చీపురుపల్లి, బొబ్బిలి పోవు రోడ్లమీద బండ్ల రాకపోకలు ఎక్కువ. రోడ్డు ప్రక్క పల్లెలలో కుక్కకు దెబ్బ తగులని సంవత్సరముండదు. విరిగిన ఎముక తానే అతుకుకొన్నదని సంతోషింతుము. కాని కీలులోనికి పోయిన విరుగుడు వంకరగా అతికిన, కొన్ని నెలలలో ఆ కీలు అరుగుట మొదలగును. ట్రాక్టరు తొట్టినుండి, మోటారుసైకిలుమీదినుండి కుక్కను దూకనిచ్చుట మోచేతికి, భుజమునకు చెరుపు.

వెనుకకాలి మోకాలిలో ఒకదానిపై ఒకటి అడ్డముగా పోవు రెండు కట్టునరములు ఉన్నవి. పెద్ద కుక్కలలో, ముఖ్యముగా బరువెక్కినవానిలో, వీనిలో ముందుది తెగుట తరచు జరుగును. నిన్నటివరకు పరుగెత్తిన కుక్క నేడు వెనుకకాలిని వ్రేలు మాత్రము మోపి నిలబడును. దీనిని బెణుకు అని విడిచిపెట్టిన మోకాలు వదులై ఆడుచు అరిగిపోవును. పెద్ద కుక్కలో శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

5. గోమార్లు: మన ప్రాంతములో దీనిని అన్నిటికంటె ముందు తలచవలెను, ఎందుచేతననగా దీనిని ఎక్కువమంది కీళ్ళతో ముడిపెట్టరు. 2005–06 లో చికున్‌గున్యా మన రాష్ట్రములో వ్యాపించినప్పుడు దోమకాటు వలన కీళ్ళు పట్టివేయునని ఇంటింటను అనుభవించిరి. కుక్కలో గోమారు (పిడుదు) కాటు వలన అటువంటిదే జరుగును. జబ్బు వేరు, క్రిమి వేరు, కాని పద్ధతి ఒక్కటే.

కుక్కలపై కనబడు గోధుమరంగు గోమారు ఎర్లీకియా అను సూక్ష్మజీవిని మోయును. దీనిని 1935 లో అల్జీరియా దేశములో కుక్కలలో మొదట కనుగొనిరి. వియత్నాం యుద్ధకాలములో, 1960ల చివర, అమెరికా సైన్యపు కుక్కలు అనేకము ఈ జబ్బుతో చనిపోవుటచే దీని తీవ్రత లోకమునకు తెలిసినది. ఈ సూక్ష్మజీవి తెల్లరక్తకణములలో చేరును. జ్వరము, మేత మానుట, రక్తము గడ్డకట్టు ప్లేట్‌లెట్లు తగ్గుట, ముక్కునుండి రక్తము, చిగుళ్ళు పాలిపోవుట దీని లక్షణములు. కొన్ని కుక్కలలో కీళ్ళు వాచును. నేడు ఒక కాలు, రెండు దినముల తరువాత మరియొక కాలు కుంటును. ఇట్లు కాలు మారుచు వచ్చు కుంటు, జ్వరము, ఒంటిమీద గోమార్లు మూడును కలిసిన వెంటనే పశువైద్యశాలకు పోవలెను. రక్తపరీక్షతో జబ్బు తెలియును. తగిన మందును డాక్టరు చెప్పినన్ని వారములు ఆపక ఇచ్చిన చాల కుక్కలు కోలుకొనును.

గోమారు సంగతి తెలియక దానిని వదిలించుట కష్టము. అది జీవితములో మూడుమార్లు రక్తము త్రాగును. ప్రతిమారును కుక్కమీదినుండి దిగి గోడ బీటలలో, గడ్డివాము క్రింద, గుమ్మపు చెక్కల సందులలో దాగును. ఆడ గోమారు అచ్చటనే వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్కను మాత్రము శుభ్రము చేసి, అది పడుకొను చోటును విడిచినచో పదిహేను దినములలో మరల గోమార్లు ఎక్కును.

6. కీలులో చీము: మరియొక కుక్క కరచినను, తుమ్మముల్లు కీలులోనికి దిగినను సూక్ష్మజీవులు లోపల చేరి చీము పట్టును. ఒక్క కీలు వేడిగా, ఉబ్బి, ముట్టనీయకుండ ఉండును. కుక్క ఆ కాలిని నేల మోపదు. జ్వరము వచ్చును. ఆరోగ్యముగా ఉన్న కుక్క వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు. చీము మృదులాస్థిని దినములలోనే తినివేయును. ఈ ఒక్క స్థితిలో రేపు చూతమని ఆగరాదు.

7. శరీరము తన కీళ్ళనే ఎదిరించుట: రోగమును ఎదిరించవలసిన శక్తి దారితప్పి తన కీళ్ళ పొరలపైననే తిరుగబడు జబ్బు కొన్ని కుక్కలలో కలదు. ఇందులో సాధారణముగా అనేక కీళ్ళు, ముఖ్యముగా మణికట్లు, మడమలు ఒకేసారి వాచును. కుక్క గాజుపెంకులపై నడచునట్లు నడచును. దీనికి ఇచ్చు మందులు చీముపట్టిన కీలుకు ఇచ్చినచో ప్రమాదము. అందుకే పరీక్ష లేకుండ మందు వేయరాదనుట.

8. వయస్సు: వయస్సు కూడ కారణమే, కాని అది ఒంటరిగా వచ్చునది తక్కువ. పైన చెప్పిన కారణములలో ఏదో ఒకటి పిల్లనాడే నాటుకొని, ముసలితనమున ఫలించును. ఏడెనిమిదేండ్ల కుక్క కుంటిన, “ముసలిది” అనుటకు ముందు “దీనికి వెనుక ఏమి జరిగినది?” అని తలచుకొనవలెను.

చలి మాట

మార్గశిర, పుష్య మాసముల తెల్లవారుజామున కుక్కలు ఎక్కువ బిగుసుకొనును. చలి కీళ్ళవాపును పుట్టించదు. ఉన్న నొప్పిని పైకి తెచ్చును. కావున చలికాలములో మాత్రమే కుంటు కుక్కకు జబ్బు ఏడాది పొడుగునా ఉన్నదని తెలిసికొనవలెను.

కీళ్ళ జబ్బు కాని కుంటు

వెనుక భాగము పడిపోవుట అంతయు కీళ్ళ జబ్బు కాదు. వెన్నుపూసలో దెబ్బ, పిల్లలలో వచ్చు డిస్టెంపరు జబ్బు కూడ కాళ్ళను పడవేయును. ముఖ్యముగా పిచ్చికుక్క జబ్బులో, అనగా రేబిస్‌లో, ఒక రకము కరవక మొరుగక, కాళ్ళు తడబడి, దవడ జారి, చొంగ కార్చును. గొంతులో ఎముక ఇరుక్కొన్నదని, కాలు పట్టివేసినదని భ్రమపడి నోటిలో చేయి పెట్టినవారు ప్రాణమునకు ముప్పు తెచ్చుకొందురు. అకస్మాత్తుగా తడబడుచు, చొంగ కార్చుచు, మ్రింగలేక, స్వభావము మారిన కుక్కను ముట్టరాదు. వేరుచేసి పశువైద్యునికి తెలుపవలెను. అట్టి కుక్క కరచినను, చొంగ గాయముపై పడినను, వెంటనే సబ్బుతో పారునీటిక్రింద 15 నిమిషములు కడిగి ఆసుపత్రిలో టీకా వేయించుకొనవలెను. కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించిన ఇంటిలో ఈ భయము చాలవరకు ఉండదు.

చేయరాని పనులు

మనుష్యుల నొప్పిమాత్రలు ఇవ్వరాదు. ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు చేయును, రక్తము కార్చును, మూత్రపిండములను చెరుచును. పారాసిటమాల్ మోతాదు మించిన కాలేయమును పాడుచేయును. పశువులకు డైక్లోఫినాక్ వాడుటను మన దేశములో 2006 లో నిషేధించిరి. ఆ మందు పడిన కళేబరములను తిని రాబందులు నశించుట అందుకు కారణము. కుక్కలకు తగిన నొప్పిమందులు వేరుగా ఉన్నవి. అవియు డాక్టరు తూకము చూచి చెప్పిన మోతాదులోనే ఇవ్వవలెను. ఇదివరలో ఏ మాత్ర వేసినదియు దాచక చెప్పవలెను. రెండు విధముల మందులు ఒకేసారి కడుపులో పడుటవలననే చాల కుక్కలు రక్తపువిరేచనములతో చనిపోవుచున్నవి.

కీలుమీద కాల్చి వాతలు పెట్టరాదు. వాత వలన కీలులోని జబ్బు పోదు. పైన పుండు పడి, దానినుండి చీము లోనికి దిగుటకు దారి ఏర్పడును.

గోమార్లకు కిరసనాయిలు పూయరాదు. పైరుకు కొట్టు పురుగుమందును నీటిలో కలిపి కుక్కకు పోయుట అంతకంటె ప్రమాదము. కుక్క తన ఒంటిని నాకుకొనును. పూసిన విషమంతయు కడుపులోనికి పోవును. పూసిన రైతు చేతులకు, ఆ కుక్కతో ఆడు బిడ్డలకు కూడ అది హాని.

చేయవలసిన పనులు

చోటు: రోజంతయు సిమెంటునేలపై గొలుసుతో కట్టరాదు. నున్నని పలకరాళ్ళమీద కాలు జారు కుక్క కీలును మరింత చెరుపుకొనును. జనపనార మిల్లులతో పేరుపొందిన రాజాం ప్రాంతములో గోనెసంచికి కొదువలేదు. రెండు సంచులలో పొడి గడ్డిని కూరి, మడతవేసి, గాలి తగులని మూలలో పరచిన చాలును. వారమునకొకసారి గడ్డిని మార్చి, సంచులను మరుగునీటిలో ముంచి ఎండవేయవలెను. దీనితో గోమార్ల పట్టు కూడ సడలును.

గోమార్లు: రెండు దినములకొకసారి చెవుల లోపల, మెడక్రింద, వ్రేళ్ళ నడుమ చూడవలెను. గోమారును చర్మమునకు దగ్గరగా పట్టి తిన్నగా లాగి, సబ్బునీటిలో వేయవలెను. గోళ్ళతో నలుపరాదు. గోడ బీటలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నము కొట్టవలెను. కుక్కకు వాడు గోమార్ల మందును డాక్టరు వ్రాసినట్లు తెచ్చుకొనవలెను.

నడక: నొప్పి ఉన్న కుక్కను పూర్తిగా కట్టివేసిన కండ సన్నబడి కీలుమీద భారము పెరుగును. రోజునకు రెండు మూడుమార్లు త్రాడుతో మెత్తని నేలమీద కొద్దిసేపు నడిపించవలెను. జ్వరము, పుండు లేని కుక్కకు చెరువులో కొంచెముసేపు ఈత మంచిది. నీటిలో కీలుమీద బరువు పడకుండ కండ పనిచేయును. గట్టు ఏటవాలుగా ఉన్న చోటనే దింపవలెను.

మేత: బరువు ఎక్కువైన కుక్కకు ఒక్కసారిగా మేత మాన్పక, వారము వారమునకు కొంచెము తగ్గించవలెను. ఇంటిలో ఒకరే మేత పెట్టు ఏర్పాటు చేసికొనిన లెక్క తప్పదు.

పిల్లలు పుట్టకుండ చేయు శస్త్రచికిత్స: ఊరి కుక్కలకు ఇది మేలు. పెద్దజాతి కుక్కలలో మాత్రము ఏడాది నిండకముందు చేసిన కొన్నిటికి కీళ్ళ లోపములు పెరుగునని పరిశోధనలలో కనబడినది. ఏ వయస్సున చేయించవలెనో డాక్టరును అడుగవలెను.

డాక్టరు వద్దకు పోవునప్పుడు

కుంటు ఎప్పుడు మొదలైనది, ఒకసారిగా వచ్చినదా మెల్లగా వచ్చినదా, ఏ కాలు, కాలు మారుచున్నదా, జ్వరము ఉన్నదా, ఏమి తినుచున్నది, ఏ మందు వేసితిరి. ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు ఇంటివద్దనే సిద్ధము చేసికొని పోయిన డాక్టరు పని సగము తీరును. ఫోనులో కుక్క నడకను ఒక నిమిషము చిత్రించి చూపుట మరింత మేలు. వైద్యశాలలో భయపడిన కుక్క కుంటును దాచుకొనును.

ఈ క్రింది లెక్క గుర్తుకొరకు మాత్రమే. జబ్బును తేల్చునది పరీక్షయే.

ఏడాదిలోపు పిల్ల, వెనుక భాగము ఊగుట: తుంటి లోపము.
కాళ్ళు వంకర, మణికట్టు గుబ్బ: మేతలో లోటు.
హఠాత్తుగా ఒక వెనుకకాలు ఎత్తుట: కట్టునరము తెగుట లేక దెబ్బ.
కాలు మారు కుంటు, జ్వరము, గోమార్లు: గోమారు జబ్బు.
ఒక్క కీలు, వేడి, జ్వరము: చీము. అదే దినము పోవలెను.
లేచినప్పుడు బిగుసుకొని, నడిచిన సర్దుకొనుట: అరుగుదల.
తడబాటు, చొంగ, మ్రింగలేమి: ముట్టరాదు. వెంటనే తెలుపవలెను.

2022 ఏప్రిల్ 4 న జిల్లాల పునర్విభజనలో రాజాం శ్రీకాకుళం జిల్లానుండి విజయనగరం జిల్లాలో చేరినది. కావున ఇచ్చటి రైతులు పశుసంవర్ధకశాఖ పనులకు విజయనగరము వైపు చూడవలెను. మొదట దగ్గరి పశువైద్యశాలకే పోవలెను. ఎక్సురే వంటి పరీక్ష అవసరమైన, చీపురుపల్లి దాటగానే గరివిడిలో ఉన్న పశువైద్య కళాశాలకు తీసికొనిపోవుట గురించి అచ్చటి డాక్టరునే అడుగవలెను. ఈ కళాశాల శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 నంబరుకు ఫోను చేసి, కుక్కకు ఏ సేవ అందునో అడిగి తెలిసికొనవచ్చును.

కుంటు కుక్కను రాజాం సంతనాడు ఊరవతల విడిచివచ్చుట కొందరి అలవాటు. అట్లు విడిచిన కుక్క ఆకలితో ఊరకుక్కలలో కలిసి, టీకా లేక, తుదకు ఎవరి బిడ్డనో కరచును. కారణము తెలిసికొని చూచుకొన్నచో, అరిగిన కీలు కొత్తది కాకపోయినను, అదే కుక్క మరి కొన్ని సంవత్సరములు కళ్ళము వద్ద పడుకొని రాత్రి అలికిడికి మొరుగును. దానికి కావలసినది ఖరీదైన మందు కాదు. తగిన మేత, శుభ్రమైన పడక, గోమార్లు లేని ఒళ్ళు, వేళకు చేయించిన పరీక్ష. ఇవి నాలుగును రైతు చేతిలో ఉన్నవి.